తుడిచేసిన డిస్కులో మునెప్పన్న

దయ్యాల కథలు అల్లి చెప్పినవాడినే గాని నమ్మినవాడిని కాను. హొగేనక్కల్ జలపాతం చూడవచ్చిన జనానికి ఫొటోలు తీసి బతుకుతాను. ఒక టీ ఇప్పిస్తామంటే జలపాతం వెనుక జుట్టు విరబోసుకున్న ఆడమనిషిని కూడా చూపించగలను. నేను కల్పించిన దయ్యాలన్నీ నాకు పేరుపేరునా తెలుసు. ఇది వాటిలో లేదు.

పోయిన వానకాలం కావేరికి నీళ్ళు ఎక్కువగా వదిలారు. గుండ్రటి పుట్టి పడవ తిప్పడం ఆపేశారు. మా వైపు దాన్ని పరిసల్ అంటారు. పరిసల్ లేకపోతే జనం రారు, జనం రాకపోతే నాకు పని లేదు. ధర్మపురిలో ఇంట్లో కూర్చుని కూర్చుని విసుగెత్తి, పాత కంప్యూటర్‌లోని హార్డ్ డిస్కు ఊడదీశాను. శుభ్రం చేస్తే పెళ్ళి వీడియోలు దాచుకోవడానికి పనికొస్తుందనుకున్నాను.

అందులో పదేళ్ళ ఫొటోలు. ఎవరూ కొనకుండా వదిలేసి పోయినవే ఎక్కువ. నీళ్ళలో తడిసి వచ్చిన ఆడవాళ్ళు, పిల్లలు. మామూలుగా చెరిపితే వాటిని ఎవరైనా తిరిగి తీయగలరు. పరాయి ఇళ్ళ ఆడవాళ్ళ ఫొటోలు ఎవరి చేతిలోనో పడకూడదని, డిస్కు మొదటి నుంచి చివరిదాకా సున్నాలు రాసే ప్రోగ్రాం పెట్టాను. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అయింది. తెరిచి చూశాను. ఖాళీ.

ఆ వారంలోనే మునెప్పన్న ఆసుపత్రిలో జ్వరంతో పోయాడు.

మునెప్పన్న పుట్టి నడిపేవాడు. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. రేవులో అంత తమిళం, కన్నడం మధ్య నాతో తెలుగు మాట్లాడే మనిషి ఆయన ఒక్కడే. ఆయన భార్య మంగమ్మ వదిన చేపలు వేయించి అమ్ముతుంది.

మూడో రోజు ఆమె మా ఇంటికి వచ్చింది.

"మరిదీ, ఆయప్ప ఫొటో ఒకటి తీసియ్యి. దినాలకు పటం కట్టియ్యల్ల."

వాళ్ళ పెళ్ళి ఫొటో చెమ్మకు అద్దానికి అతుక్కుపోయిందట. ఆధార్ కార్డు బొమ్మను పెద్దది చేయిస్తే మసిగుడ్డలా వచ్చిందట.

ఉన్న ఫొటోలన్నీ తుడిచేశాను. అదొక్కటే కాదు. తుడవకపోయినా, ఆ వేల ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ ఆయన ముఖం లేదు. ఒడ్డున రాతి మీద నిలబడి, "అన్నా, తల వంచు, మనుషులు మరుగవుతా ఉండారు" అని అరిచేవాడిని నేనే. రేవులో ఫొటోలు తీసేవాళ్ళందరం అంతే. ఆయన మోకాళ్ళలో తల దూర్చేవాడు. పదేళ్ళు ఆయన వీపునే తీశాను.

ఉన్నది చెప్పేశాను. ఆమె కోప్పడలేదు.

"నీవు చెప్పే అబద్ధాలే మేలప్పా. ఇది కూడా ఒక అబద్ధమని చెప్పు," అంది. గడప దాటబోతూ, "కండ్లు మూస్తే వీపే వస్తాది మరిదీ. మొగం నాకే మరుస్తా ఉంది," అంది.

ఆ మాట విన్నాక ఇంట్లో కూర్చోలేకపోయాను. సగం చెంపైనా దొరుకుతుందేమోనని, పోయిన ఫొటోలు వెనక్కి తీసే మనిషి ఒకడు బస్టాండు దగ్గర ఉంటే అతనికి డిస్కు ఇచ్చాను. రెండు రోజులు పెట్టుకుని తిరిగి ఇచ్చేశాడు. ఇంత శుభ్రమైన డిస్కు ఈ మధ్య చూడలేదని తమిళంలో నవ్వాడు.

దినాలకు ముందు రోజు మధ్యాహ్నం, ఏమీ తోచక, పెళ్ళి వీడియోలు ఎక్కిద్దామని డిస్కు తగిలించాను. అందులో ఒక ఫొటో ఉంది. ఒకటే.

పుట్టిలో మునెప్పన్న. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తి నేరుగా చూస్తున్నాడు. నవ్వబోయే ముందు ముఖం. ఎదురుగా కూర్చున్న వాళ్ళు తీసినట్టుంది. నేను ఒడ్డు మీది నుంచే తప్ప పుట్టిలో కూర్చుని ఎప్పుడూ తీయలేదు. ఫైలు పేరు నా కెమెరా పెట్టేది కాదు. తేదీ ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజుల్లోది. అప్పుడు ఏరు రాళ్ళను ముంచి పారుతోంది. ఫొటోలో రాళ్ళన్నీ నీళ్ళపైకి తేలి ఉన్నాయి. పాత మెమరీ కార్డులు వెతికాను, ఎక్కడా లేదు. బస్టాండు మనిషికి పంపితే, ఇతనెవరని నన్నే అడిగాడు.

కింది అంచున, ఎదురుగా కూర్చున్న మనిషి మోకాలి మీది చీర కొంచెం పడింది. ఆకుపచ్చ మీద పసుపు గీత. పటంలో అది బాగుండదు, కత్తిరిద్దామనుకున్నాను. ముందు వదినకు చూపిద్దామని హొగేనక్కల్ బస్సెక్కాను.

ఆమె నా ఫోన్ పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఆయప్పే," అంది. తర్వాత కింది అంచు మీద వేలు పెట్టింది. "ఇది నా కోక."

"నీవు ఎప్పుడన్నా పరిసల్ ఎక్కినావా వదినా?"

"ఎక్కలే. తల తిరుగుతాదని ఏ దినమూ ఎక్కలే. ఆయప్ప పిలిచి పిలిచి విసిగిపోయినాడు." ఫోన్ నా చేతిలో పెట్టింది. "కత్తిరించొద్దు. ఉన్నట్టే కట్టియ్యి."

అలాగే కట్టించాను.

డిస్కు ఇంకా వాడుతున్నాను. పెళ్ళి వీడియోలతో సగం నిండింది, ఇంకేమీ రాలేదు. ఆ ఫొటో ఎక్కడిదో, ఎవరు తీశారో ఈనాటికీ చెప్పలేను. వెతికే ఓపిక కూడా పోయింది. మొన్న నేను వాళ్ళింట్లో ఉండగా, పక్కింటామె పటంలోని చీర చూసి ఎవరిదని అడిగింది.

"నాదే. ఆ దినం నేనూ పరిసల్‌లో పోయినా," అంది వదిన, పెనం మీద చేప తిప్పుతూ.

ఏ దినమని నేను అడగలేదు.