ముగ్గురు గంగారాంలు, ఒక బాయిలర్

ముందే చెబుతున్నాను, ఇది మూడు ఊళ్ళ మనుషులను ఒక్క వేలితో ఆగం చేసిన మహానుభావుడి కథ. ఆ మహానుభావుణ్ణి నేనే. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆనాటి ఆ కుర్రవాడు ఎదురుపడితే చెంప పగలగొడతాను.

నిజామాబాద్‌లో రైతులకు అప్పులిచ్చే ఒక చిన్న ఆఫీసులో కొత్తగా చేరాను. అప్పటిదాకా కాగితాలన్నీ ఊరికొక రంగు దారంతో కట్టి ఇనుప బీరువాలో ఉండేవి. నేను చేరగానే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. కాగితాలు ఫొటో తీసి ఎక్కిస్తే చాలు, క్లౌడ్‌లో భద్రంగా ఉంటాయన్నారు. నేర్పడానికి వచ్చినామె ప్రతి ఫైలుకూ దరఖాస్తు నంబరే పెట్టమని మరీమరీ చెప్పింది. మనిషికి పేరుండగా ఖైదీలాగా నంబరేమిటి అనుకున్నాను. ఎంత పొగరో చూడండి.

మా జిల్లాలో ఏ ఊళ్ళోనైనా గంగారాం అని కేకేస్తే ముగ్గురు వెనక్కి తిరుగుతారు. నా సొంత మేనమామ పేరే గంగారాం. అయినా నా బుర్రకు తట్టలేదు. జక్రాన్‌పల్లి నుంచి పసుపు ఉడికించే బాయిలర్ కోసం వచ్చినాయన కాగితాలు, ఫొటో తీసి ఎక్కిస్తే భద్రంగా ఉంటాయని ఆయనకూ చెప్పి, 'గంగారాం' అని దాచాను. బోధన్ చెరుకు రైతువీ, చందూర్ నుంచి బర్రెల కోసం వచ్చినాయనవీ అదే పేరుతో దాచాను. పాతది తీసేసి కొత్తది పెట్టమంటావా అని సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ ఇంగ్లీషులో అడిగేది. చదివితే కదా! బుద్ధిమంతుడిలా 'ఎస్' నొక్కాను. కొన్ని కాగితాలు చెరిగి, కొన్ని మిగిలి, ముగ్గురినీ కలిపి కుట్టిన బొంతలాంటి ఒక్క గంగారాం తయారయ్యాడు.

అక్కడ జక్రాన్‌పల్లిలో తవ్విన పసుపు కళ్ళంలో కుప్పపడి ఉంది. వెంటనే ఉడికించకపోతే కుళ్ళిపోతుంది. గంగారాం, ఆయన భార్య రాజవ్వ అప్పు ఇంకా రాలేదేమని ఆఫీసుకొచ్చి నా ముందు కూర్చున్నారు. నేనెంత కష్టపడుతున్నానో వినిపించాలని హెడ్డాఫీసుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"సార్, మీ కస్టమర్‌కు ముగ్గురు తండ్రులున్నారు. ఎవరిని ఉంచమంటారు?" అంది అవతలి గొంతు.

గంగారాం మెల్లగా లేచి నిలబడ్డాడు. "మా బాపు ఒక్కడే సారూ. ఇంకిద్దర్ని యాడికెల్లి తెచ్చినవ్?"

"పసుపు కుళ్ళవట్టె," అంది రాజవ్వ. "నువ్వు గీడ కూసొని మా మామలను లెక్కవెడుతున్నవా?"

అసలు తండ్రి పేరు సరిచేసి పంపాను. అప్పు మంజూరై, బాయిలర్ నేరుగా రైతు ఇంటికే బయల్దేరింది. కాలరెగరేశాను. చిరునామా కూడా చూడాలని నాకు తోస్తే ఈ కథే లేదు. రెండు రోజుల తర్వాత చందూర్ గంగారాం ఫోన్ చేశాడు. కోపంతో ఆయనకు మాట తడబడుతోంది.

"బర్రెలడిగితే మా ఇంటి ముంగట గీ డ్రమ్మేంది సారూ? దీనికి పాలెట్ల పిండాలె?"

బర్రెలొచ్చేదాకా బాయిలర్ కదలదని ఆయన భీష్మించాడు. కాళ్ళావేళ్ళా పడి, ట్రాక్టర్ మాట్లాడి, నేనే వెంట కూర్చొని జక్రాన్‌పల్లి చేర్చేసరికి కళ్ళం దగ్గరే కుళ్ళు వాసన ముక్కు పగలగొట్టింది. కుప్ప అడుగు భాగమంతా మెత్తబడిపోయింది. గంగారాం మిగిలిన మంచి కొమ్ములు ఏరి బాయిలర్‌లో పోయడం మొదలుపెట్టాడు. రాజవ్వ మాత్రం కుళ్ళిన కొమ్ములు దోసెడు తీసి నా చేతుల్లో పోసింది.

"ఇగో, గివి గూడ ఫొటో దీసి ఎక్కియ్యి. భద్రంగ ఉంటయ్ గదా."

ఆ కంపు చేతులతోనే ప్రమాణం చేశాను. ముగ్గురు గంగారాంల సాక్షిగా, వాళ్ళ ముగ్గురు తండ్రుల సాక్షిగా, ఇక ఫైలుకు నంబరే పెడతాను, అర్థం కానిదానికి ఈ జన్మలో 'ఎస్' అనను. మరుసటేడు పెళ్ళిపీటల మీద పంతులు మంత్రం చెప్పి నన్ను అనమన్నాడు. దాని అర్థమేమిటో తెలుగులో చెప్పేదాకా నోరు విప్పలేదు. మా మామగారికి ఆ కోపం ఇంకా తగ్గలేదు.