అడవిపిల్లి కోరపళ్లు

నిన్న పొద్దున మన గ్రూపులో సార్ చనిపోయారని మెసేజ్ వచ్చింది. అందరూ దండం బొమ్మలు పెట్టారు. నాకు చెయ్యి రాలేదు. ఏడో తరగతిలోనే బడి మానేశాను, రాతలో తప్పులుంటే ఏమనుకోవద్దు.

నారాయణఖేడ్‌లో సార్ ఇంటి ముందుగది మీకు తెలిసిందే. ఆదివారం పిల్లలు కూర్చుంటే, బల్ల మీద పిల్లి జాతి జంతువుల పుర్రెలు పెట్టేవారు. ఇంటిపిల్లిది చిన్నగా, నున్నగా ఉండేది. ప్లాస్టర్‌తో చేసిన చిరుత పుర్రెకు మాత్రం నడినెత్తిన ఎముక గట్టులా లేచి ఉండేది. దవడను లాగే కండ అక్కడ పట్టుకుంటుందని చెప్పేవారు. కళ్లకు మోతిబిందు వచ్చి చూపు మసకబారాక అన్నీ బొటనవేలితోనే చూసేవారు. నేను మాట్లాడకుండా నిలబడితే పుర్రె చేతిలో పెట్టి, "నోరు తెరవకుంటే తెరవకు, వేలుతోని చూసి చూపియ్యి. గిది ఏ పిల్లిది?" అనేవారు.

రెండేళ్ల కింద నాగల్‌గిద్ద రోడ్డు పక్క కంది చేనులో నాకు చచ్చిన అడవిపిల్లి దొరికింది. సార్ దగ్గర ఆ పుర్రె ఒక్కటే లేదు. పోయి చెబితే ఇలా అన్నారు:

"తల మట్టిల పెట్టు. నాలుగు నెలలు ముట్టకు. ఉడకబెట్టినవనుకో, ఆగమైతది."

ఆయన సంబరం జల్దీ చూడాలనిపించింది. పది రోజులకే తవ్వి ఉడకబెట్టాను. పై కోరపళ్లు రెండూ ఊడి గిన్నెలో పడ్డాయి. ఏది ఎటుదో తెలియక జిగురుతో అతికించాను.

సార్ వేలితో తడిమారు. "ఏందిరా, పండ్లు గిట్ల పక్కకు పోయినయి?"

"గట్లనే ఉండె సార్."

"పుట్టుకతోనే గిట్లున్నదా? పాపం, ఏం పట్టుకొని తిన్నదో."

నమ్మేశారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం పిల్లలకు అదే పాఠం. ఈ పిల్లికి పళ్లు వంకర, వేట చేతగాక ఆకలితో ఊరి దిక్కు వచ్చింది అని. "గా మూలకున్నోడు తెచ్చిండు" అని నన్ను చూపించేవారు. నేను నేల చూసేవాణ్ణి. 'నేనే ఉడకబెట్టిన, సార్' అనే ఒక్క మాట ఇంట్లో అనుకుని పోయేవాణ్ణి, అనకుండానే వచ్చేవాణ్ణి.

నిన్న సార్‌ను తీసుకుపోయాక ముందుగదిలో, ఆదివారాలు పాఠానికి వచ్చే ఒక చిన్నపిల్ల ఆ పుర్రె పట్టుకుని, ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు సార్ మాటలే చెబుతోంది.

"గట్ల కాదు. ఉడకబెట్టి పండ్లు ఉల్టా పెట్టింది నేనే" అన్నాను.

"మరి అది ఆకలితోని రాలేదా?"

"తెల్వదు."

ఆ పిల్ల పుర్రెను తన దిక్కు తిప్పుకుంది. "మరి సార్‌కు ఎవరు చెప్తరు?" అంది.

ఆ పిల్ల కళ్లు మూసుకుని, సార్ లాగే బొటనవేలితో పన్ను పొడవునా తడుముతూ పోయి, జిగురు గట్టిపడిన చోట ఆగిపోయింది. సార్ వేలు కూడా ప్రతి ఆదివారం ఆ చోటు మీదుగానే పోయేది.