ఫిరంగికి బొట్టు పెట్టిన అత్తమ్మ

"అక్క పోయింది బిడ్డా," అన్నాడు బాపు సిరిసిల్ల నుంచి ఫోన్ చేసి.  ఫోన్‌లో వెనకనుంచి వాడకట్టులోని సాంచాల చప్పుడు వినిపించింది. మరమగ్గాలను మా వైపు సాంచాలు అంటారు. మా మేనత్త కబురు ఇల్లిల్లూ దాటుతున్నట్టుంది, అవి ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

అత్తమ్మ ఆ చప్పుడులోనే హాయిగా నిద్రపోయేది. కరెంటు పోయి సాంచాలు ఆగితే ఉలిక్కిపడి లేచి కూర్చునేది. "సప్పుడుంటె మనుషులున్నట్టు," అనేది. రోజంతా కండెలు చుట్టే ఆమె వేళ్లకు ఏదో ఒక రంగు నూలుపోగు అంటుకుని ఉండేది. నన్ను దగ్గరికి లాక్కుని, ఆ పోగును నా జడకు చుట్టి, "ఏం కోడలా, సదువు ఒడిసిందా?" అని అడిగేది. తమ్ముడి బిడ్డను కనుక నేను ఆమెకు కోడలినే.

మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటి మనిషిని నేను. నర్సింగ్ పూర్తయ్యాక సైన్యం ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. బాపు వద్దన్నాడు. ఏళ్ల తరబడి మస్కట్‌లో ఉండి కోరుట్లకు తిరిగొచ్చిన మనిషి ఆయన. "దూరమంటె ఏందో నాకెరుక," అని అన్నం ముందు నుంచి లేచిపోయాడు. చేరాల్సిన గడువు దగ్గర పడుతోంది.

ఆ వారమే అత్తమ్మ సిరిసిల్ల నుంచి మా ఇంటికి వచ్చి, "జగిత్యాల ఖిల్లా సూద్దాం పాండి," అంది. ఒకప్పుడు పటాలం ఉన్న కోట అది.

"నీ కాళ్లు నొస్తయి గదక్కా," అన్నాడు బాపు.

"నొస్తె నా కాళ్లు నొస్తయి, నీకేంది?"

ఆ పొద్దు ఎండ మెత్తగా ఉంది. కందకం నీళ్ల మీద మబ్బులు కదలకుండా నిలిచాయి. గడ్డిలో ఫిరంగులు మధ్యాహ్నం కునుకు తీస్తున్నట్టున్నాయి. మేము బురుజు చూసి తిరిగేసరికి, అత్తమ్మ ఒక ఫిరంగికి పసుపు రాసి బొట్టు పెడుతోంది. కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు.

"ముట్టొద్దని రాసి ఉన్నది గదమ్మా!"

"నాకు సదువు రాదు బిడ్డా. సదువుకున్న మా కోడలేమో గాలికి తిరుగుతాంది."

"గిదేమన్న గుడా, బొట్టు పెట్టనీకె?"

"మా సాంచకు పెడుతం, రాట్నానికి పెడుతం. పని చేసినదానికి పెట్టొద్దా?"

అతను నవ్వాడు. "గిది మనుషుల్ని సంపే పని చేసిందమ్మా."

అత్తమ్మ చెయ్యి ఆగింది. కొంగుతో పసుపు తుడుస్తూ ఆ ఇనుమును కాసేపు నిమిరింది. "ఇప్పుడు ఊకున్నది గద. గిట్లనే ఊకుండుమని పెట్టిన అనుకో," అంది. తర్వాత బాపు వైపు తిరిగింది. "మా కోడలు సంపనీకె పోదు, కట్లు కట్టనీకె పోతది. పోనిచ్చెటోళ్లు పోనిస్తె."

బాపు అక్కడే మ్యూజియంలా సర్దిన ఒక గదిలోకి వెళ్లాడు. మేమూ వెనకే వెళ్లాం. లోపల చల్లటి మసక. కిటికీ వెలుగులో దుమ్ము నూలు రేణువుల్లా తేలుతోంది. అద్దం వెనక ఒక సిపాయి కోటు, కింద అతని రేకుపెట్టె. బాపు దాని ముందే ఆగిపోయాడు.

"మస్కట్ పోయిననాడు నా పెట్టె గూడ గిట్లనే ఉండె అక్కా."

"ఆనాడు నేను నిన్ను ఆపిన్నా?"

"ఆపలె."

"నీ ముందట ఏడ్చిన్నా?"

"ఏడ్వలె."

"అయితె నీ బిడ్డ ముందట నువ్వు గూడ ఏడ్వకు."

 సిపాయి కోటు చేతి అంచు పిగిలి ఉంటే, అత్తమ్మ అద్దం మీదుగానే వేలితో సవరించింది. బయటికి వచ్చాక బాపు నా వైపు చూడకుండా, "ఏ దినం పోవాల్నో సూడు," అన్నాడు.

ఇప్పుడు గాయాలకు కట్టు కట్టేటప్పుడు నా వేళ్లను చూసుకుంటాను. వాటికి ఈ పని దొరికింది ఆమె వల్లనే.

నేను బయల్దేరిన రోజు కోరుట్ల బస్టాండులో బాపు గట్టిగానే నిలబడ్డాడు. బస్సు కదిలింది. వెనక్కి తిరిగి చూశాను. ఆయన గోడ వైపు తిరిగి ఉన్నాడు. అత్తమ్మ ఆయనకు అడ్డంగా వచ్చి, కొంగును రెండు చేతులా తెరలా పరిచి పట్టుకుని, నా వైపే నవ్వుతూ నిలబడింది. గాలికి ఆ కొంగు ఉబ్బుతోంది. దాని వెనుక బాపు పాదాలు మాత్రమే కనిపించాయి.