ఇప్పచెట్టు కింద కాలిన నేల

మా నాయిన పటాలంలో చేసిన పని భూమిలో పాతిన బాంబులను వెతికి తీయడం. ఆ పనికి ఇంగ్లీషులో ఏదో పెద్ద పేరుంది. మా గూడెంలో ఎవరికీ నోరు తిరగక ఆయన్ని మిలిటరీ ఆయన అనేవాళ్లు. సర్వీసు అయిపోయాక హైదరాబాదులో ఒక బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని నిలబడే ఉద్యోగం ఇస్తామన్నారు. ఆయన పోలేదు.

"పిల్లలు నన్ను ఫోటోలనే చూసి పెరిగిండ్రు. ఇగ నేను ఏడికీ పోను" అన్నాడు.

చర్ల దాటి అడవిలోకి పోయే దారిలో ఉంటుంది మా గూడెం. వచ్చిన కొత్తలో ఆయన మమ్మల్ని చంపుకు తిన్నాడు. దుప్పటి అంచుకు అంచు కలిపి మడవాలి. చెప్పులు వరసగా విడవాలి. మా అమ్మకు ఒళ్లు మండిపోయేది. "ఇది బార్డర్ గాదు, నా ఇల్లు" అని కసిరేది. ఆయన నవ్వి ఆమె చేతిలో చీపురు లాక్కుని తనే వాకిలి ఊడ్చేవాడు. నేను భద్రాచలంలో హాస్టల్ టీచరుగా చేరాక కూడా సెలవులకు వస్తే నా తల దువ్వి జడ వేసేది ఆయనే. ఇంత పెద్ద పిల్లకు తండ్రి జడ వేస్తాడా అని మేనత్త ఎగతాళి చేసేది. సిగ్గుపడింది నేనే, ఆయన కాదు.

మాకు ఒక ఇప్పచెట్టు ఉంది. అడవి సర్కారుదే అయినా మా దగ్గర ఇప్పచెట్లు ఇళ్లవి. ఏ చెట్టు ఏ ఇంటిదో గూడెమంతా ఎరుగును, ఒకరి చెట్టు కింద పువ్వు ఇంకొకరు ముట్టరు. మాది వాగు అవతల ఉంది. నాయనమ్మ పోయే ముందు బంగారం, గింగారం ఏమీ చెప్పలేదు, అమ్మ చెయ్యి పట్టుకుని ఆ చెట్టు అప్పజెప్పింది. ఎండలు ముదిరే వేళకు పువ్వు రాలడం మొదలవుతుంది. రాలిన పువ్వు కనబడాలని ముందుగానే చెట్టు కింది ఎండుటాకు కాల్చి నేల చదును చేస్తారు. తాతల నాటి నుంచి అందరూ చేసే పనే ఇది.

మా ఇంట్లో ఆ పనిని నాయిన మాన్పించాడు. మా దిక్కు పోలీసు క్యాంపు పడ్డాక, ఆ పోలీసుల కోసమని అన్నలు అడవి దారుల్లో బాంబులు పాతుతున్నారు. వాటి మీద కాలు పెడుతున్నవి మాత్రం పశువులు, వెదురుకు పోయిన మనుషులు. అందుకని నాయిన కర్ర పట్టుకుని మాకంటే ముందు వాగు దాటేవాడు. వంగి చూస్తూ, ఆకును కొంచెం కొంచెంగా చీపురుతో తోస్తూ చెట్టు దాకా పోయేవాడు. ఆకు తిరగబడిందా, కింద మట్టి కొత్తగా ఉందా అని చూసుకునేవాడు. ఆయన చెయ్యి ఊపాకే మేము గంపలతో కదలాలి.

"ఆకు ఉంటెనే నేల నాకు కనబడ్తది. కాలిస్తె నేను గుడ్డోన్నే" అని అమ్మకు ఎన్నిసార్లు చెప్పాడో.

ఈ ఏడు ఆయన మోకాళ్లు బాగా పట్టేశాయి. వంగితే లేవలేకపోయేవాడు. నేను సెలవు మీద వచ్చి ఉన్నాను. పువ్వు రాలడం మొదలైందని తెలిసి పొద్దున్నే ముగ్గురం బయలుదేరాం. వాగు దాటేసరికి చెట్టు కింద నేలంతా నల్లగా ఉంది. ఆ బూడిద మీద ఇప్పపువ్వు తెల్లగా పరుచుకుని ఉంది. చూడటానికి ఎంత బాగుందో ఇప్పుడు చెప్పడానికి నాకే అసహ్యంగా ఉంది.

నాయిన నిలబడిపోయాడు. "ఎవలు కాల్చిండ్రు?"

"నేనే. నిన్న వచ్చి ఈ అంచుకు నిలబడి అంటువెట్టిన. నీ మోకాళ్లు జూసి కాల్చిన. ఎంతకని వంగుతవు?" అంది అమ్మ.

ఆయన కోప్పడలేదు. "ఈ యేడు వద్దు, ఇంటికి పోదాం పాండ్రి" అన్నాడు. అమ్మ వినే మనిషా! తన అత్త అప్పజెప్పిన చెట్టు, కళ్లెదురుగా పువ్వు. "గింత దూరం వచ్చి వట్టి గంపతోటి పోవుడేంది" అంటూ ముందుకు అడుగేసింది. ఆయన రెక్క పట్టి వెనక్కి గుంజాడు.

"నువ్వు ఆగు. నేను వోతా."

కర్రతో పొడుచుకుంటూ పోయాడు. చెట్టు మొదలు ఇక అందుతుందనగా నేల పేలింది.

గూడెంవాళ్లు ఆయన్ని మంచం మీద వేసుకుని రోడ్డు దాకా మోశారు. అక్కడి నుంచి బండిలో భద్రాచలం దవాఖానాకు. ఒక కాలు లేదు, కడుపులోకి కూడా ఇనుప ముక్కలు దిగాయి. ఆయనకు తెలివి ఉంది. అది ఇంకా నరకం. వార్డులోకి పోలీసాయన వచ్చి, చెట్టు కింద అంతా కాలి ఉందేంది, ఆకు ఎవరు కాల్చారని అడిగాడు. అమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నోరు తెరవబోయింది.

"నేనే సారూ" అన్నాడు నాయిన. "నిన్న బీడి తాగి పడేసిన. అంటుకున్నది."

పొద్దు గూకక ముందే పోయాడు. మిలిటరీలో అందరూ తాగుతుంటే మా నాయిన తన రేషన్ బీడీలు, సిగరెట్లు పంచేసి బదులుగా పాలడబ్బాలు తెచ్చిన మనిషి. ఆ అబద్ధం ఎవరి కోసమో నాకు అర్థమైంది, అమ్మకు అంతకంటే ముందే అర్థమైంది. నేను నోరు మూసుకున్నాను. ఆయన ఆఖరి మాటను నేనెట్లా కొట్టేస్తాను?

గూడెం మాత్రం మూసుకోలేదు. "పాములు పట్టేటోనికి పాముకాటే రాసి ఉంటది" అన్నారు. అంతటి మిలిటరీ ఆయన బీడి ముక్కకు బుగ్గి అయ్యాడన్నారు. మేనత్త తమ్ముణ్ణి తలచుకుని ఏడుస్తూనే, చాటున బీడి తాగే బుద్ధి ఎప్పుడు పుట్టిందో అని నొసలు కొట్టుకుంది. నాకు వాళ్ల మీద పళ్లు నూరాలనిపించేది. అమ్మ ఒక మూల కూర్చుని అన్నీ వినేది. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది.

దినాల నాడు చుట్టాలందరూ వచ్చారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టడం మా ఆచారం. రొయ్యల కూర పెట్టాం, చక్కెర ఎక్కువ వేసిన చాయ్ పెట్టాం. ముదిగొండ నుంచి వచ్చిన మేనమామ మంచి మనసుతోనే జేబులోంచి బీడీల కట్ట తీసి విస్తరి పక్కన పెట్టాడు. ఒకటి వెలిగించి ఆకు అంచున ఆనించాడు.

"బావకు ఆఖరుకు గిదే పానం అయింది గదా" అన్నాడు.

అమ్మ లేచింది. వెలుగుతున్న బీడీని ఉత్త వేళ్లతో నలిపింది. కట్టను వాకిట్లోకి విసిరింది.

"ఆయన నోట్ల పొగ ఎన్నడు వోలే" అంది. "ఆకు నేను కాల్చిన. వద్దని మొత్తుకున్నా కాల్చిన. ఎన్కకు పోదామంటే నేనే ఇనలే."

మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అమ్మ వైపే చూస్తూ ఉండిపోయింది. అమ్మ విస్తరి ముందు కూలబడింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి మొగుడి పేరు నోట పలకని మనిషి, ఆ రోజు ఆయన్ను పేరు పెట్టి పిలిచింది.

"నా తప్పు గూడ నువ్వే మోసుకపోతివి. నాకేం మిగిల్చినవు?" అని ఆ విస్తరిని అడిగింది.