తాడు దగ్గర ఆగని జీపు

మేం పాల్వంచలో ఉన్నప్పుడు మా ఆయన ఒక చిన్న కంపెనీలో జీపు డ్రైవరు. ఒక ఎండాకాలం ఆఫీసు పని మీద ఆయన భద్రాచలం వెళ్తుంటే, బస్సు కిరాయి మిగులుతుందని నేనూ జీపెక్కాను.

అడవి దారిలో ఒక గూడెం ఆడవాళ్లు భూమి పండుగ చేసుకుంటూ, రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకొని ఆడుతున్నారు. బండివాళ్లు ఆగి, తోచింది ఇచ్చి పోవాలి. అది వాళ్ల ఆచారం.

"ఆపకయ్యా! జోరుగా పోతే వాళ్లే తాడు ఇడుస్తరు," అన్నాను.

ఆయన నా మాట విని వేగం పెంచాడు. అందరూ వదిలేశారు గానీ ఒక ముసలామె వదల్లేదు. తాడుతోపాటు రోడ్డు మీద పడింది. చెయ్యి విరిగింది.

ఆయనే ఆమెను ఎత్తుకొచ్చి జీపులో దవాఖానాకు చేర్చాడు. అక్కణ్ణుంచి నేరుగా ఆఫీసుకు వెళ్లి, జరిగింది మేనేజరుకు చెప్పాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"ఎవరన్నా తొందర పెట్టిన్రా?" అని మేనేజరు అడిగాడు.

"లేదు సార్. తప్పు నాదే."

బయటికొచ్చాక, "నా పేరెందుకు చెప్పలే?" అన్నాను.

"స్టీరింగు నా చేతుల ఉండె గద. నడువు, ఆమెకు అన్నం తీస్కపోదాం."

జీపు తీసేసుకొని ఆయన్ని గేటు దగ్గర కాపలాకు కూర్చోబెట్టారు. బండంటే ప్రాణం ఆయనకు. అయినా ఒక్కనాడూ నన్ను దెప్పలేదు. ఇంట్లో అందరినీ తిట్టే నోరు నాది.

ఆయన పోయి రెండేళ్లయింది. "నీ వల్లనే గదనే" అని ఒక్కసారి ఆయన గొంతుతో వినాలని ఉంది.