తలుపులు తెరుచుకోని కారులో పాలరాణి

మా అక్క బెర్నడీన్ కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు తలుపులు బిగించింది. ఈ విస్కాన్సిన్ పల్లెలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు, తెలియకుండా ఉండనిస్తేగా అది. చర్చి తలుపు కిర్రుమన్నా, ఎవరింట్లో ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోయినా, "ఎవడు బిగించాడో ఆ మహానుభావుడు" అంటుంది. అలాంటి మనిషికి ఎలాంటి గతి పట్టిందో వినండి.

నా పదిహేడో ఏట నన్ను పాల పండుగకు రాణిని చేశారు. తలమీద కిరీటం, భుజానికి పట్టీ. అక్క తన టాపు లేని ఎర్ర కారులో నన్ను వెనక ఎత్తుగా కూర్చోబెట్టుకుని ఊరేగింపులో బయల్దేరింది. సరిగ్గా బ్యాంకు ముందుకొచ్చేసరికి కారు చచ్చి ఊరుకుంది. వెనక ఆవుల మంద తోసుకొస్తోంది. చివరికి ఎరువు బండిని లాగే ట్రాక్టరుకు తాడు కట్టి మమ్మల్ని లాక్కెళ్లారు. ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది, నేను వెక్కివెక్కి ఏడ్చాను. అప్పట్నుంచి ఏ క్రిస్మస్ భోజనానికి కలిసినా ఆ ఎరువు కంపు సంగతి ఎత్తకుండా లేచిన పాపాన పోలేదు. నా నోరు అలాంటిది మరి.

అక్క రిటైరవగానే కొట్టంలో తుప్పుపట్టిపోయిన ఆ కారును ఇంటి గరాజులోకి ఈడ్పించింది. మా చలికాలపు రోడ్ల ఉప్పు దాని అడుగు నేలను జల్లెడ చేసేసింది. వెనక సీటులో కోళ్లు కాపురం పెట్టాయి.

"వచ్చే పండక్కి నిన్ను ఇందులోనే వీధి చివరిదాకా తీసుకెళ్తానే ఆర్లీన్. మధ్యలో ఆగిపోతే జన్మంతా నన్ను దెప్పుకో" అంది.

"ఇప్పుడు చేస్తున్నదేంటి మరి" అన్నాను. అక్క నవ్వలేదు. పంతం అంత గట్టిదన్నమాట.

టాపు లేని కారుకు నేలే వెన్నెముక. దాన్ని కోసేముందు తలుపుల సందుల్లో అడ్డంగా కడ్డీలు అతికించాలి, లేకపోతే బండి నడుము దగ్గర కుంగుతుంది. ఫ్యాక్టరీలో తలుపుల దగ్గర పనిచేసేవాళ్లకు ఆ బెంగ లేదు, వాళ్ల దగ్గరికి బండి ఒళ్లు గట్టిపడే వస్తుంది. అక్క కడ్డీల ఊసే లేకుండా కారును ముందూ వెనకా స్టాండ్ల మీద నిలబెట్టి, పాత నేల కోసిపారేసి, కొత్త రేకు అతికించి, ఇంజను బాగుచేసి, రంగేసి, ఆఖర్న మురిసిపోతూ తలుపులు తెచ్చింది. బండి నడుము కుంగి సందులు ఇరుకైపోయాయి, పట్టలేదు. అరగదీసినా పట్టలేదు. పండుగ పొద్దున రబ్బరు సుత్తితో గట్టిగా నాలుగిస్తే పట్టాయి. పట్టాయంటే పట్టాయి, మళ్లీ తెరుచుకోలేదు.

నేను పాత పట్టీ, కిరీటం తగిలించుకుని వచ్చి పిడి లాగాను. కదిలితే ఒట్టు. అటు వెళ్లి లాగాను, అదీ అంతే. అక్క మొహం కారు కంటే ఎర్రబడింది.

"ఎవరు బిగించారో ఆ మహానుభావురాలు" అన్నాను. ఇక ఇద్దరం గరాజు నేలమీద కూలబడి పొట్టలు పట్టుకుని నవ్వాం. తర్వాత అది స్టూలు వేసి, నన్ను పిండిబస్తాలా ఎత్తి లోపల పడేసి, తనూ దూకింది.

బ్యాండు మోగింది. బ్యాంకు దగ్గరపడేకొద్దీ అక్క మెడ బిగుసుకుపోయింది. సరిగ్గా బ్యాంకు ముందే కారు ఆగింది. అయిపోయాం అనుకున్నాను. ఇంజను మాత్రం హాయిగా గుర్రుమంటూనే ఉంది.

"నేనే ఆపాను. అప్పుడిక్కణ్ణుంచి ఏడుస్తూ పోయావు కదే. రా, ఇప్పుడు నువ్వు నడుపు" అంది అక్క.

తలుపులేమో తెరుచుకోవు, వెనక ఆవులేమో వచ్చేస్తున్నాయి. సీటు మీదనుంచి నేను ముందుకీ అది వెనక్కీ పాకుతుంటే గౌను ఎక్కడో పర్రున చిరిగింది. ఊరంతా ఈలలు వేసింది. దాటుకుంటూనే నా కిరీటం తీసి అక్క నెత్తిన పెట్టేశాను. అది వద్దంటూనే సర్దుకుంది, చెయ్యి ఊపడం చేతకాక రెండు చేతులూ ఊపింది, చెంపల మీదనుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

వీధి చివర ఆగమని సైగ చేశారు. ఎందుకు ఆగుతాను? హారను కొడుతూ మళ్లీ బ్యాంకు వైపే తిప్పాను.

"జరగండి, జరగండి" అని అరిచాను. "మా అక్క వస్తోంది."