కొత్త మోకాలు, పాత రిక్లైనర్

2023లో నేను మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మోకాలి మార్పిడి ఆపరేషన్‌కు ముందూ తర్వాతా పెద్దవాళ్ల చేత వ్యాయామాలు చేయించడం నా పని. అప్పటికే పదకొండేళ్ల అనుభవం. డెబ్బై రెండేళ్ల వెంకట్రావుగారు భార్య రాజ్యలక్ష్మిగారి భుజం పట్టుకుని లోపలికి వచ్చినప్పుడు, ఈ కేసు తేలికే అనుకున్నాను.

గుంటూరు మనిషి. ఇక్కడ ముప్పై ఏళ్లు ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది. ఆపరేషన్‌కు ముందు మేము క్వాలిటీ ఆఫ్ లైఫ్ ఫారం నింపిస్తాం. నొప్పి ఎంత, సాక్సులు తొడుక్కోగలరా, ఒక్కరే షాపింగ్‌కి వెళ్లగలరా వంటి ప్రశ్నలుంటాయి. ఆయన దాదాపు అన్నిటికీ ‘లేను’ అన్నచోటే టిక్ పెట్టారు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. మూడు నెలలకు రేంజ్ ఆఫ్ మోషన్, అంటే కీలు ఎంతమేర కదులుతుందన్న కొలత, బాగా పెరిగింది. మోకాలు నూట పదిహేను డిగ్రీలు వంగుతోంది. కర్ర లేకుండా మా కారిడార్‌లో చకచకా నడిచారు. గర్వంగా మళ్లీ అదే ఫారం ఇచ్చాను. నొప్పి మటుకు తగ్గింది. మిగతా జవాబులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

“అంకుల్, సాక్సులు మీరే వేసుకోవచ్చు కదా?”

“మీ ఆంటీ వేస్తుందిగా.”

“మరి షాపింగ్?”

“అదీ తనే. నాకు అవసరం రాలేదమ్మా.”

పక్కనే ఉన్న రాజ్యలక్ష్మిగారు ఇక ఆగలేదు. “డాక్టర్లు మోకాలు మార్చారు. ఈయన్ని ఇంట్లో ఆ రిక్లైనర్ కుర్చీలోంచి లేపడానికి ఏ ఆపరేషన్ ఉందో చెప్పు తల్లీ.”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. “నా బుధవారం పాటల గ్రూపు మానేసి రెండేళ్లయింది.”

“బోర్ కొడుతోందని నువ్వే అన్నావుగా,” అన్నారాయన.

“మరేం చెప్పమంటారు? మిమ్మల్ని బాత్రూమ్‌కి పట్టుకుని తీసుకెళ్లాలి, అందుకే రాలేనని వాళ్లకి చెప్పనా?”

ఆయన కుడి మోకాలి మీద చెయ్యి వేసుకుని నాతో అన్నారు: “రెండేళ్ల కిందట షవర్‌లో కాలు మడతపడి పడ్డానమ్మా. ఇప్పుడు నొప్పి లేదు. భయం పోలేదు.”

మూడు నెలలు కోణాలు కొలిచాను కానీ ఆ మాట ఒక్కసారీ అడగలేదు. ఆ వారమే వాళ్లింటికి వెళ్లాను. షవర్‌లో గోడకు కడ్డీ పెట్టించి, అక్కడే నిలబడటం సాధన చేయించాను. కింద పడితే సోఫా ఆసరాతో ఎలా లేవాలో నేర్పాను. చివర్లో ఇంకో వ్యాయామం చెప్పాను: బుధవారం రెండు గంటలు ఆంటీ ఇంట్లో ఉండకూడదు.

“ఇదేం వైద్యం?” అని గొణిగారు. మొదటి బుధవారం ఫోన్ చేశారు.

“పప్పు అడుగంటిందమ్మా.”

“నిలబడే వేడి చేశారా అంకుల్?”

“నిలబడక?” అని, తనే పకపకా నవ్వారు.

ఆరు వారాల తర్వాత రాజ్యలక్ష్మిగారు పాటలు ముగించుకుని బయటికి వస్తే, కమ్యూనిటీ సెంటర్ బెంచీ మీద ఆయన కూర్చుని ఉన్నారట, పక్కన పాలు, బ్రెడ్ ఉన్న సంచితో. బస్సులో ఒక్కరే వచ్చారు. “తిరిగి వచ్చేటప్పుడు నా చేతిలో హ్యాండ్‌బ్యాగ్ ఒక్కటే ఉందమ్మా,” అని ఆవిడ నాకు రెండుసార్లు చెప్పారు.

అప్పటినుంచి ఆపరేషన్‌కు ముందు పేషెంటుతో పాటు, ఇంట్లో ఆయన్నో ఆమెనో చూసుకునే మనిషిని కూడా విడిగా కూర్చోబెట్టి అడుగుతాను: “ఈ నొప్పి వల్ల మీరేం మానేశారు?” చాలామంది ఆ మాట తమనే అడిగానా అన్నట్టు వెనక్కి తిరిగి చూస్తారు.